ఇంట్లో ఇన్ని సబ్‌స్క్రిప్షన్లు... మనకి గిట్టుబాటు అవుతున్నాయా?

అడిగినవారు: ఖమ్మం టీచర్

నమస్తే అండీ. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మొన్న ఆదివారం నెల ఖర్చుల పుస్తకం ముందేసుకుని బ్యాంకు మెసేజులు చూస్తుంటే 149 ఒకటి, 299 ఒకటి, మళ్ళీ ఇంకో 299 కనపడ్డాయి. ఆ రెండో 299 దేనిదో ఇంట్లో ఎవరికీ తెలియదు. తీరా చూస్తే, సంక్రాంతికి మా ఆడపడుచు పిల్లలు వచ్చినప్పుడు ఒక సినిమా కోసం రూపాయి ట్రయల్ అని నొక్కిన యాప్ అది. యాప్‌ని కనుమలోపే తీసేశాం. డబ్బు మాత్రం తొమ్మిది నెలలుగా పోతూనే ఉంది. 2,691 రూపాయలు. మా అబ్బాయి ట్యూషన్‌కి ఒక నెల ఫీజు.

మావయ్యగారి క్రికెట్ ఒక దాంట్లో, అత్తయ్యగారి సీరియల్ ఇంకో దాంట్లో, ఇంటర్ చదివే మా వాడికి గేమ్ పాస్, అంటే నెలనెలా డబ్బు కట్టి చాలా గేములు ఆడుకునే సబ్‌స్క్రిప్షన్. నెట్ పోతే అత్తయ్యగారికి తోచదని కేబుల్ కూడా ఉంచాం. వీటివల్ల మేలు లేదని అనను. 2020లో ఆహా అనే సినిమాల యాప్ వచ్చినప్పుడు ఏడాదికి 365, అంతా తెలుగే అని సంతోషంగా కట్టింది నేనే. కానీ ఒక్కొక్కటీ చవగ్గానే కనపడి, అన్నీ కలిస్తే కరెంటు బిల్లు దాటుతోంది. మీ ఇళ్ళల్లో ఎలా చేస్తున్నారు?

జవాబు 1: కూకట్‌పల్లి కుర్రాడు

అక్కా, గేముల సంగతి నేను చెప్తాను. ఒక పెద్ద గేము కొత్తగా కొనాలంటే నాలుగైదు వేలు. హాస్టల్లో ఉండే నాలాంటివాడు కొనే మాటే లేదు. గేమ్ పాస్ వల్లే నేను ఎప్పుడూ కొననివి ఆడి చూశాను, ఆ మేలు మర్చిపోను. అయితే గేమ్ పాస్‌లో పెద్దదైన అల్టిమేట్ ప్లాన్ 2025 అక్టోబర్లో నెలకి 829 నుంచి ఒక్కసారిగా 1,389 అయ్యింది. పైగా సగం ఆడాక ఆ గేము జాబితాలోంచి వెళ్ళిపోతే, మనం ఆడినంతవరకు సేవ్ అయి ఉన్నా ఆడలేం, విడిగా కొనాల్సిందే. నాకు అలా రెండుసార్లు జరిగింది, చాలా బాధేసింది. ఇప్పుడు సెలవులున్న నెల మాత్రమే తీసుకుంటున్నా. మీ అబ్బాయికీ పరీక్షల నెలల్లో ఆపేయండి.

జవాబు 2: గుంటూరు, బ్యాంకు ఉద్యోగి

మేడమ్, మా కౌంటర్ దగ్గరికి వారానికి ఇద్దరైనా ఇదే బాధతో వస్తారు. యాప్ తీసేస్తే ఆటోపే, అంటే నెలనెలా డబ్బు దానంతటదే పోయేలా మనం ఇచ్చిన అనుమతి (దాన్నే మ్యాండేట్ అంటారు), ఆగదు. మీరు వాడే యూపీఐ యాప్‌లో ఆటోపే లేదా మ్యాండేట్లు అనే చోటికి వెళ్ళి రద్దు చేయాలి. కార్డు మీద అయితే బ్యాంకు సైట్లో. 2021 అక్టోబర్ నుంచి అమల్లో ఉన్న ఆర్‌బీఐ నిబంధన ప్రకారం డబ్బు తీసేందుకు కనీసం 24 గంటల ముందు మీకు కబురు రావాలి. వస్తుంది కూడా, కానీ ఓటీపీలూ ఆఫర్లూ మధ్య ఎవరు చూస్తారు చెప్పండి? 15,000 లోపు అయితే ప్రతిసారీ ఓటీపీ కూడా అడగరు.

చేరడం ఒక్క నొక్కుతో, మానడం పది పేజీల వెనక పెట్టడం తప్పు. 2023 నవంబర్లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు దీన్ని సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ అని పేరు పెట్టి మరీ నిషేధించాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి, మెసేజుల స్క్రీన్‌షాట్లు దాచండి.

ఇంకోటి. అమెజాన్ ప్రైమ్ మన దేశంలోకి వచ్చింది 2016లో, ఏడాదికి 499. తర్వాత 999, 2021 చివర్లో 1,499. 2025 జూన్ నుంచి వీడియోల్లో ప్రకటనలు, అవి వద్దంటే ఏడాదికి మరో 699. అలవాటయ్యాక ధర పెరుగుతుంది. అందుకే ఏడాది ప్లాన్ ఎవరు కట్టబోయినా వద్దంటాను.

ఖమ్మం టీచర్

ఇద్దరికీ ధన్యవాదాలండీ. రాత్రి భోజనాలయ్యాక మావయ్యగారి ఫోనూ నాదీ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాం. ఆయన ఫోన్లో ఇంకో రెండు మ్యాండేట్లు బయటపడ్డాయి, ఒకటి 2030 దాకా ఒప్పుకున్నట్టుంది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆ సంవత్సరం రెండుసార్లు పైకి చదివి, "నేనెప్పుడు నొక్కానమ్మా ఇది?" అన్నారు. రెండూ రద్దు చేశాం. క్రికెట్ ఒక్కటీ ఉంచాం. మా వాడు గేమ్ పాస్ మార్చి దాకా వద్దని తనే అన్నాడు. 1915కి రేపు ఇంటర్వెల్లో చేస్తాను.