లైసెన్సు ప్రకటనలో “ఆపాదింపు” అనవచ్చునా? “నవీకరణ” అనవచ్చునా?

ప్రశ్న (గుణుపురం, రాయగడ జిల్లా)

సభ్యులందరికీ నమస్కారం. మా ఊళ్లో తెలుగు చదవగలిగిన ఇళ్ల కోసం మేము కొందరం కలిసి నెలకొక చిన్న వార్తాపత్రం వేస్తున్నాము. అందులో స్థానిక సంగతులతో పాటు ఎవరైనా రాయగల వార్తల సైటు అయిన ఆంగ్ల వికీవార్తల (వికీన్యూస్) నుంచి కొన్ని కథనాలను తెలుగు చేసి ప్రచురిస్తూ, ప్రతి అనువాదం కింద “క్రియేటివ్ కామన్స్ ఆపాదింపు 2.5 లైసెన్సు” అని వేస్తూ వచ్చాము. “ఆపాదింపు” అన్నది ఆంగ్లంలోని “ఆట్రిబ్యూషన్”కు మేము వాడిన మాట; రచన ఎవరిదో చెప్పి ఎవరైనా దానిని వాడుకోవచ్చునని ఆ లైసెన్సు అనుమతిస్తుంది. వికీవార్తల లైసెన్సు 2.5 కూర్పు నుంచి 4.0 కూర్పుకు మారినందున మా ప్రకటనను కూడా సరిచేయవలసి వచ్చి, “నవీకరించబడిన ఆపాదింపు లైసెన్సు కింద” అని రాశాను. మా నాన్నగారు అది చదివి, ఇందులో ఎవరి మీద ఏమి మోపారని అడిగారు. ఈ రెండు మాటలకు బదులు ఏవి వాడితే బాగుంటుందో పెద్దలు చెప్పగలరు.

జవాబు (పర్లాకిమిడి, గజపతి జిల్లా)

గుణుపురం మిత్రులకు,

మీ నాన్నగారి సందేహం న్యాయమైనది. సంస్కృతంలో “ఆపాదింపు”కు మూలమైన ధాతువుకు కలుగజేయడం, సమకూర్చడం వంటి అర్థాలు ఉన్నప్పటికీ, తెలుగు వాడుకలో “ఆపాదించడం” అంటే లేనిదాన్ని, లేదా ఉన్నదో లేదో తేలనిదాన్ని, ఒకరికి అంటగట్టడమనే అర్థమే స్థిరపడింది. నేరం ఆపాదిస్తాము, దురుద్దేశం ఆపాదిస్తాము. ఎవరు చెప్పారో తెలియని చాటుపద్యాన్ని శ్రీనాథుడికి ఆపాదిస్తాము. అది నిజంగా ఆయనదేనని నమ్మకం చాలనప్పుడే ఆ మాట వాడుతాము. లైసెన్సు కోరుతున్నది ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఈ రచన ఫలానా వారిదని నిశ్చయంగా తెలిసినందువల్ల, ఆ సంగతిని దాచకుండా పాఠకుడికి చెప్పమని అది అడుగుతుంది. సందేహాన్ని సూచించే మాటతో నిశ్చయాన్ని ప్రకటించడం తగదు.

దీనికి బదులు “కర్తృత్వం” అనవచ్చునని చాలామందికి తోస్తుంది. మన 1957 కాపీరైటు చట్టం 57వ సెక్షను రచయితకు తన రచన తనదని చెప్పుకునే హక్కును ఇస్తుంది కనుక, ఆ మాటకు చట్టం వైపు నుంచి కూడా బలం ఉంది. అయితే వికీవార్తల విషయంలో అది అతకదు. ఆ సైటు 2004లో మొదలైనప్పుడు ఆంగ్ల విభాగంలోని పాఠ్యం సార్వజనికంగా, అంటే ఎవరి పేరూ చెప్పకుండానే వాడుకోదగినదిగా ఉండేది. 2005 సెప్టెంబరు 25 నుంచి రాసిన పాఠ్యానికి క్రియేటివ్ కామన్స్ 2.5 కూర్పును వర్తింపజేశారు. ఆ కూర్పు అదే ఏడాది వెలువడింది. అంతకుముందరి కూర్పుతో పోల్చితే అది తెచ్చిన ముఖ్యమైన మార్పు ఒక్కటే. రచయిత కోరితే తన పేరుకు బదులుగా, లేదా తన పేరుతో పాటుగా, ఒక ప్రచురణ సంస్థ పేరునో పత్రిక పేరునో చెప్పించుకునే వీలును అది కల్పించింది. పదిమంది చేయి వేసిన వార్తకు పదిమంది పేర్లూ ప్రతిచోటా వేయవలసిన చిక్కు ఆ విధంగా తీరింది. కాబట్టి మీరు అనువాదం కింద “వికీవార్తలు” అని వేసినప్పుడు మీరు చెబుతున్నది కర్త పేరు కాదు, ఆ రచన ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మూలం పేరు. ఈ తేడా గమనించకుండా “కర్తృత్వం” అని రాస్తే, వికీవార్తలు అనే ఒక వ్యక్తి గానీ సంస్థ గానీ ఆ వార్తను రాసినట్టు పాఠకుడు అనుకుంటాడు.

“సౌజన్యం” మన దినపత్రికల్లో ఛాయాచిత్రాల కింద కనిపించే మాట. అది మర్యాదకు సంబంధించినది. ఇచ్చినవారు మంచితనంతో ఇచ్చారు, మేమూ మర్యాదకొద్దీ చెప్పాము అన్నట్టు ఉంటుంది. లైసెన్సులో పేరు చెప్పడం మర్యాద కాదు, షరతు. చెప్పకపోతే వాడుకునే హక్కే పోతుంది. కనుక ఆ మాటనూ పక్కన పెట్టవలసిందే.

నా ప్రతిపాదన “మూలం పేర్కొనడం”. నామవాచకమే కావాలంటే అచ్చమైన తెలుగులో “పేర్కోలు” అనవచ్చు.

ఇక “నవీకరించబడిన” సంగతి. “బడు” చేర్చి రాసే కర్మణి వాక్యం తెలుగుకు సహజం కాదన్నది అందరికీ తెలిసినదే కాబట్టి దానిని విస్తరించను. నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది “నవీకరణ” అన్న మాట ఇచ్చే తప్పుడు అర్థం. పాత ఇంటికి సున్నం వేసినట్టుగా, ఆ సైటులోని పాత వార్తలన్నిటికీ ఒకేసారి కొత్త లైసెన్సు వచ్చి చేరిందని ఆ మాట చదివినవారు అనుకుంటారు. జరిగింది అది కాదు. వార్త రాసిన ప్రతి ఒక్కరూ ఆనాటి షరతుల మీద తమ రచనను లోకానికి ఇచ్చారు. సైటు ఆ రచనలకు యజమాని కాదు గనుక, వారి తరఫున కొత్త షరతులు రాయజాలదు. పైగా క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడానికి వీలులేనిది. అందువల్ల 2005 సెప్టెంబరుకు ముందరి వార్తలు సార్వజనికంగానే ఉంటాయి, ఆ తరువాత 2.5 కింద వెలువడినవి 2.5 కిందనే ఉంటాయి, మార్పు అమలులోకి వచ్చిన తేదీ నుంచి రాసినవి మాత్రమే 4.0 కిందకు వస్తాయి. అక్కడ ప్రచురించిన వార్తను కొంతకాలం గడిచాక దిద్దుబాట్లకు వీలులేకుండా భద్రపరుస్తారు కనుక, పాత వార్తలో కొత్త పాఠ్యం వచ్చి కలిసే అవకాశం కూడా చాలా తక్కువ.

వికీపీడియాతో పోల్చి చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. అక్కడ 2009లో ఒకసారి, 2023లో మరొకసారి లైసెన్సు మారింది. 2023లో 3.0 నుంచి 4.0కు వెళ్లేటప్పుడు, మార్చి రాసినదాన్ని అదే లైసెన్సు తరువాతి కూర్పు కింద విడుదల చేయవచ్చునన్న నిబంధన అక్కడి “షేర్ ఎలైక్” (మార్చినదాన్ని కూడా అవే షరతులతో ఇవ్వాలనే) లైసెన్సులోనే ఉంది. వ్యాసాలు నిత్యం మారుతూ ఉంటాయి కాబట్టి అక్కడ “నవీకరణ” అన్నా కొంతవరకు చెల్లుతుంది. పూర్తయి ముగిసిపోయే వార్తకు ఆ మాట చెల్లదు. కాబట్టి తేదీ వేసి, “ఫలానా తేదీ నుంచి వెలువడిన పాఠ్యానికి 4.0 కూర్పు వర్తిస్తుంది” అనండి. విశేషణంతో చెప్పబోతే తప్పుతున్న విషయం తేదీతో సరిగ్గా చెప్పవచ్చు.

అభ్యంతరం (బరంపురం, గంజాం జిల్లా)

మాస్టారికి నమస్కారం. మీ వివరణతో ఏకీభవిస్తూనే రెండు సంగతులు మనవి చేస్తాను. తెలుగు వికీపీడియా పుటల అడుగున ఆంగ్ల పదాన్నే తెలుగు లిపిలో “ఆట్రిబ్యూషన్” అని రాస్తున్నారు. లైసెన్సు పేరును అనువదిస్తే అది వేరే లైసెన్సేమోనన్న అనుమానం రావచ్చు గదా? రెండవది, మన జిల్లాల్లో పిల్లలు బడిలో ఒడియా చదువుతూ ఇంట్లో తెలుగు నేర్చుకుంటున్నారు. వారికి “పేర్కోలు” కంటే రెండు భాషల్లోనూ ఉన్న తత్సమ పదమే సులువుగా తెలుస్తుందని నా అనుభవం.

జవాబు (పర్లాకిమిడి)

బరంపురం మిత్రులు లేవనెత్తిన రెండు అంశాలూ ఆలోచించదగినవే.

లైసెన్సు పేరు వేరు, అది విధించే షరతు వేరు. పేరును ఉన్నదున్నట్టు “క్రియేటివ్ కామన్స్ ఆట్రిబ్యూషన్ 4.0” అనే ఉంచుదాము, దానికి లంకె కూడా ఇస్తాము కనుక అనుమానానికి తావుండదు. నేను తెలుగులో ఉండాలంటున్నది షరతును చెప్పే వాక్యం. మన వార్తాపత్రం చదివినవారు అందులోని కథనాన్ని మరొకచోట వేసుకోదలిస్తే ఏమి చేయాలో ఆ వాక్యమే చెప్పాలి. అది అర్థం కాని మాటల్లో ఉంటే, స్వేచ్ఛగా ఇచ్చినది కూడా వారికి అందకుండా పోతుంది.

తత్సమాల విషయంలో మాత్రం నేను మీతో విభేదిస్తున్నాను. రెండు భాషల్లోనూ ఉన్న మాట రెండింటిలోనూ ఒకే అర్థం ఇస్తుందన్న భరోసా లేదు. “కర్తృత్వం” ఒడియాలో అధికారం, పెత్తనం అన్న అర్థంలో వినబడుతుంది. “ఆరోపం” అక్కడా నిందే, మన “ఆరోపణ” వంటిదే. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ పర్లాకిమిడిలోనే ఉపాధ్యాయులుగా ఉండి, చదివేవారికి తెలిసిన భాషలోనే రాయాలని వాదించారు. సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు కూర్చినవారు గనుక, పక్కభాష మాట్లాడేవారి ఇబ్బందులు కూడా ఆయనకు తెలుసు. “పేర్కోలు” కొత్తగా తోచవచ్చునని ఒప్పుకుంటాను. అందుకే ప్రకటనలో నామవాచకం జోలికి పోకుండా “మూలం పేర్కొనాలి” అని క్రియతోనే ముగించవచ్చు.

ఈ చర్చలో ఇంతవరకు ఎవరూ ఎత్తని అంశం ఒకటి మిగిలి ఉంది. 4.0 కూర్పు మూలం పేరుతో పాటు, మీరు ఏమైనా మార్చి ఉంటే మార్చినట్టు కూడా చెప్పమంటుంది. అంతకుముందు ఇతరులు చేసిన మార్పుల గుర్తులను కూడా తీసివేయవద్దంటుంది. మన సాహిత్యంలో దీనికి ఎర్రన కంటే గొప్ప ఉదాహరణ నాకు కనిపించదు. నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషాన్ని పూరించి, ఆయన కవితారీతి కొంత తోచేలా “తద్రచనయకా”, అంటే అది ఆయన రచనే అన్నట్టుగా పూరించానని పర్వాంతంలో ఎర్రన తెలియజేశాడు. మూలం ఎవరిదో చెప్పాడు, తాను చేర్చినది ఏదో చెప్పాడు, ఏ పద్ధతిలో చేర్చాడో కూడా చెప్పాడు. లైసెన్సు అడిగే రెండు సంగతులూ అందులో ఉన్నాయి.

మళ్లీ ప్రశ్న (గుణుపురం)

మాస్టారూ, ఎంతో మేలు చేశారు. ఇదివరకు వేసిన సంచికల్లో మేము “అనువాదం” అన్న సంగతి కొన్నిచోట్ల రాయలేదు. అవి ఇప్పుడు సరిచేస్తే సరిపోతుందా?

జవాబు (పర్లాకిమిడి)

తప్పక సరిచేయండి. అనువాదమన్న సంగతి చెప్పాలన్నది కొత్త నియమం కాదు. 2.5 కూర్పు కూడా మార్చి చేసిన రచనలో మూలాన్ని ఎలా వాడుకున్నారో చెప్పమంటూ, ఫ్రెంచి అనువాదాన్నే ఉదాహరణగా ఇచ్చింది. తేడా ఎక్కడంటే, 2.5 కింద షరతు తప్పితే హక్కు దానంతటదే రద్దయిపోతుంది, తిరిగి ఎలా వస్తుందో అందులో రాయలేదు, 4.0 కింద మాత్రం తప్పు తెలిసిన 30 రోజులలోగా సరిదిద్దుకుంటే హక్కు దానంతటదే తిరిగి వస్తుంది. మీ పాత సంచికల్లోని వార్తలు 2.5 కిందివి కనుక ఈ గడువు వాటికి వర్తిస్తుందనుకోవద్దు. ఆలస్యం చేయకుండా వచ్చే సంచికలోనే సవరణ వేయండి. 2.5 కింద ఉన్న వార్తకు ఆ వార్త పేరు కూడా వేయాలి, 4.0 ఆ నిర్బంధం తీసివేసింది గానీ, పాఠకుడి సౌకర్యం కోసం వేయడమే మంచిదని నా అభిప్రాయం.

ప్రకటనను ఈ విధంగా రాయవచ్చు. తేదీనీ, కూర్పు సంఖ్యనూ వార్తను బట్టి మార్చుకోండి:

“ఈ కథనానికి మూలం ఆంగ్ల వికీవార్తలలో ఫలానా తేదీన, ఫలానా పేరుతో వెలువడిన వార్త. మూలం క్రియేటివ్ కామన్స్ ఆట్రిబ్యూషన్ 2.5 లైసెన్సు కింద లభిస్తుంది. దీనిని మేము తెలుగులోకి అనువదించి, కొంత కుదించాము. మా అనువాదాన్ని అదే లైసెన్సు 4.0 కూర్పు కింద విడుదల చేస్తున్నాము. ఎవరైనా దీనిని తిరిగి ప్రచురించవచ్చు, మార్చుకోవచ్చు. అలా చేసేటప్పుడు వికీవార్తల పేరునూ మా పత్రం పేరునూ పేర్కొని, లైసెన్సుకు లంకె ఇచ్చి, మార్పులు చేసి ఉంటే ఆ సంగతి తెలపాలి.”