పాత కరోల్లాలో హీటర్ సమస్య, సలహా కావాలి (డెట్రాయిట్)

అందరికీ నమస్తే. ఎమ్మెస్ చదవడానికి ఆగస్టులో ఇక్కడికి వచ్చాను. 2006 కరోల్లా సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. బండి కదులుతున్నంతసేపూ వేడిగాలి బాగానే వస్తుంది, సిగ్నల్ దగ్గర ఆగితే చాలు చల్లబడిపోతుంది. మెకానిక్‌కి చూపిస్తే హీటర్ కోర్ పోయింది, డ్యాష్‌బోర్డ్ మొత్తం విప్పాలి అన్నాడు. అంత డబ్బు నా దగ్గర లేదు. ఏం చేయమంటారు?

---

తమ్ముడూ, డ్యాష్‌బోర్డ్ అప్పుడే విప్పించకు. కారు హీటర్‌కి సొంతంగా వేడి పుట్టించే పని లేదు. ఇంజిన్‌లో కాగిన కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) డ్యాష్‌బోర్డ్ వెనకున్న చిన్న రేడియేటర్‌లోకి వస్తుంది, ఫ్యాన్ దాని మీదుగా గాలి కొడుతుంది. ఆ చిన్న రేడియేటరే హీటర్ కోర్.

పరుగులో వేడి, ఆగితే చలి అంటే నా మొదటి అనుమానం కూలెంట్ తగ్గిందని, లేదా లోపల గాలి చేరిందని. ఇంజిన్ వేగం పడిపోగానే పంపు తోసే ఒత్తిడి చాలక కోర్ దాకా కూలెంట్ అందదు. డ్యాష్‌బోర్డ్ వెనక గుడగుడమని నీళ్ల చప్పుడు వినిపిస్తే గాలి ఉన్నట్టే.

రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే బానెట్ ఎత్తి చూడు. వేడి మీద రేడియేటర్ మూత ఎట్టి పరిస్థితుల్లోనూ తిప్పకు, మరిగే కూలెంట్ ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. పక్కనున్న ప్లాస్టిక్ ట్యాంకులో మట్టం సరిగ్గా ఉందని ఊరుకోవద్దు. ట్యాంకు నిండుగా ఉండి రేడియేటర్ ఖాళీగా ఉన్న బండ్లు ఉంటాయి. మూత తీసి లోపల చూడాల్సిందే.

అది నిండుగానే ఉంటే, ఇంజిన్ బాగా వేడెక్కాక ఆపేసి, ఇంజిన్ వెనక గోడలోంచి లోపలికి వెళ్లే రెండు రబ్బరు పైపులను గ్లౌజు వేసుకుని జాగ్రత్తగా తాకి చూడు. రెండూ వేడిగా ఉంటే కోర్‌లో కూలెంట్ తిరుగుతోంది, లోపం లోపల గాలిని మళ్లించే తలుపులో ఉండొచ్చు. ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉంటే కోర్ పూడుకుపోయి ఉండొచ్చు. అప్పుడు కూడా ముందు ఫ్లష్ చేయించు, అంటే కోర్‌ని లోపల కడిగించు, మార్చడం ఆ తర్వాత సంగతి.

---

పై అన్నగారు చెప్పింది కరెక్టే. ఒక్కటి కలుపుతాను. కూలెంట్ తగ్గిందని మన ఊళ్లోలాగా వాటర్ బాటిల్ వంపేయకండి. ఇక్కడి చలికి గడ్డకడితే ఇంజిన్ బ్లాకే పగలొచ్చు. సగం నీళ్లు కలిపి అమ్మే కూలెంట్ కొనండి, మైనస్ 37 సెల్సియస్ దాకా ఆగుతుంది. రకం ఏదో మాన్యువల్‌లో చూసుకోండి, రంగు చూసి కొనొద్దు. తియ్యటి వాసనొచ్చే విషం అది, ఇంట్లో పిల్లలున్నా కుక్కపిల్ల ఉన్నా కింద ఒలకనివ్వకండి.

మా పాత బండిది దీనికి తలకిందులు. ట్రాఫిక్‌లో వెచ్చగా, హైవే ఎక్కితే చలి, టెంపరేచర్ ముల్లు కూడా కిందికి దిగేది. అది థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాకే కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వదిలే వాల్వ్) తెరుచుకుని ఇరుక్కుపోవడం. చిన్న ఖర్చుతో పోయింది.

---

థాంక్స్ అన్నా, థాంక్స్ అండీ. మూత తీస్తే పైన కూలెంటే కనిపించలేదు! పోసి, మూత తీసే ఉంచి, హీటర్ ఫుల్ మీద పెట్టి ఇంజిన్ నడిపిస్తే బుడగలు వచ్చి ఆగాయి. ఇప్పుడు సిగ్నల్ దగ్గర కూడా వేడి వస్తోంది. ఇక టెన్షన్ లేనట్టేనా?

---

సగం టెన్షనే పోయింది. ఆ కూలెంట్ ఎటు పోయింది మరి? ముందు ప్యాసింజర్ కాళ్ల దగ్గర కార్పెట్ తడిగా ఉండి, అద్దం లోపల జిడ్డుగా పొగమంచు పడుతుంటే కోర్ కారుతోంది, మెకానిక్ మాటే నిజం. ఇంజిన్ వేడెక్కాక కూడా పొగగొట్టం నుంచి తియ్యటి వాసనతో తెల్లపొగ ఆగకుండా వస్తుంటే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ దాని పైభాగానికీ మధ్య ఉండే సీల్) పోయిందని అనుమానించాలి, అప్పుడు ఆ బండి మీద ఇంకా డబ్బు పెట్టాలా అని ఆలోచించుకో. రెండూ లేకపోతే వేరే షాపులో ప్రెషర్ టెస్ట్ (కూలెంట్ తిరిగే దారిలో ఒత్తిడి పెట్టి లీకు వెతకడం) చేయించు, మామూలు హోస్ లీకో పంపు లీకో తేలుతుంది. ఈలోగా ట్యాంకు మీద మార్కర్‌తో గీత పెట్టి, వారం తర్వాత చల్లటి ఇంజిన్ మీద మళ్లీ చూడు. మట్టం దిగితే ఇక్కడే రాయి.