కొత్త థండర్‌బర్డ్‌కి పాత మెయిల్ సర్వర్ అందడం లేదు, పాస్‌వర్డ్ కూడా అడగట్లేదు

పలాస ఆఫీసు

పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసు. సొంత మెయిల్ సర్వర్ ఉంది: సెంటోస్ 6.3 లినక్స్, మెయిల్ పంపే పోస్ట్‌ఫిక్స్ 2.6.6, వచ్చిన మెయిల్ అందించే డవ్‌కాట్ 2.0.9. ఆఫీసు నెట్‌వర్క్‌లో దాని అడ్రస్ 192.168.1.10. తొమ్మిది మెషీన్లలో మెయిల్ చదివే ప్రోగ్రాం థండర్‌బర్డ్ 68 నడుస్తోంది, వాటిలో ఏ ఇబ్బందీ లేదు. కొత్తగా తెచ్చిన రెండు విండోస్ 11 మెషీన్లలో తాజా థండర్‌బర్డ్ వేశాం. ఆటోమేటిక్‌గా పెడితే సెట్టింగులు దొరకలేదంటుంది. చేత్తో పోర్ట్ 993, ఎస్ఎస్ఎల్ అని పెడితే అడుగున గీత అలా తిరుగుతూనే ఉంటుంది. ఎర్రర్ రాదు, పాస్‌వర్డ్ అడగదు. యాంటీవైరస్ ఆపి చూశాం, ఫైర్‌వాల్ తీసి చూశాం, తేడా లేదు. పక్క టేబుల్ మీద పాత మెషీన్‌లో అదే అకౌంట్ శుభ్రంగా తెరుచుకుంటోంది.

సరిచేయాల్సింది సర్వర్ వైపా, థండర్‌బర్డ్ వైపా? కొత్త మెషీన్లలో కూడా 68 వేసేస్తే సరిపోతుందా?

నాగావళి

పాస్‌వర్డ్ అడగలేదంటే లాగిన్ దాకా వెళ్లలేదన్నమాట. అంతకన్నా ముందే, టీఎల్ఎస్ (కనెక్షన్‌కి తాళం వేసే పద్ధతి, ఎస్ఎస్ఎల్‌కి కొత్త రూపం) మాటల దగ్గరే తెగిపోతోంది. 2020లో వచ్చిన థండర్‌బర్డ్ 78 నుంచి టీఎల్ఎస్ 1.0, 1.1 రెండూ మూసి ఉంటాయి, కనీసం 1.2 కావాలి. మీ సెంటోస్ 6.3లో ఆ పని చేసే లైబ్రరీ ఓపెన్ఎస్ఎస్ఎల్ 1.0.0. ఓపెన్ఎస్ఎస్ఎల్‌లోకి టీఎల్ఎస్ 1.2 వచ్చిందే దాని 1.0.1 వెర్షన్‌తో, 2012లో. కాబట్టి డవ్‌కాట్ సెట్టింగులు ఎన్ని మార్చినా మీ సర్వర్ 1.2 మాట్లాడలేదు. ఆ లైబ్రరీలో అది లేదు.

నా మాట మీద పోకుండా ఒకసారి చూసుకోండి. డవ్‌కాట్ లాగింగ్ సెట్టింగుల్లో వెర్బోస్ ఎస్ఎస్ఎల్‌ని ఎస్ చేసి రీలోడ్ చేయండి. కొత్త మెషీన్ నుంచి ఒకసారి ప్రయత్నించి మెయిల్‌లాగ్ తెరవండి. అక్కడ "అలర్ట్ నంబర్" అని ఒక అంకె ఉంటుంది. 70 అయితే వెర్షన్ గొడవే. 42 గానీ 48 గానీ అయితే సర్టిఫికెట్ నచ్చలేదని. 40 అయితే సైఫర్లు (తాళం వేసే లెక్కలు) కుదరలేదని అర్థం. ఆ అంకె చూడకుండా మందు వేయొద్దు, మూడింటికీ మందులు వేరు.

థండర్‌బర్డ్‌లో కూడా కంట్రోల్, షిఫ్ట్, జె మూడూ కలిపి నొక్కితే ఎర్రర్ కన్సోల్ వస్తుంది. పైకి కనిపించని ఎర్రర్ అక్కడ దొరకొచ్చు.

ఇంకో జాగ్రత్త. కొత్త ఉబుంటు లినక్స్ నుంచి ఓపెన్ఎస్ఎస్ఎల్ కమాండ్‌తో "ఈ సర్వర్‌కి టీఎల్ఎస్ 1.0 ఉందా" అని పరీక్షిస్తే లేదనే వస్తుంది. సర్వర్‌లో లేక కాదు, ఉబుంటుయే దాన్ని ఆపేస్తుంది. సైఫర్ ఆప్షన్‌లో సెక్యూరిటీ లెవెల్ 0 పెడితేనే నిజం తెలుస్తుంది.

చీపురుపల్లి

ఇవాళ్టికి పని నడవాలంటే థండర్‌బర్డ్ సెట్టింగుల్లో జనరల్ అడుగున కాన్ఫిగ్ ఎడిటర్ ఉంటుంది. అందులో "సెక్యూరిటీ డాట్ టీఎల్ఎస్ డాట్ వెర్షన్ డాట్ మిన్" వెతకండి. 3 ఉంటుంది, 3 అంటే టీఎల్ఎస్ 1.2. దాన్ని 1 చేస్తే 1.0కి ఒప్పుకుంటుంది. థండర్‌బర్డ్ మూసి తెరవండి.

కానీ ఇది ఒక్క అకౌంట్‌కి పెట్టే సెట్టింగ్ కాదు. అదే ప్రొఫైల్‌లో (అకౌంట్లు, సెట్టింగులు కలిసి ఉండే ఫోల్డర్‌లో) జీమెయిల్ ఉన్నా, బ్యాంకు మెయిల్ ఉన్నా అన్నింటికీ గేటు కిందికి దిగుతుంది. అందుకని ప్రొఫైల్ మేనేజర్‌తో ఆఫీసు మెయిల్‌కి మాత్రమే వేరే ప్రొఫైల్ చేసి, ఈ మార్పు అందులోనే చేయండి. ఆఫీసు నెట్‌వర్క్ బయట ఆ ప్రొఫైల్ వాడొద్దు.

68కి వెనక్కి మాత్రం వెళ్లకండి. దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయి ఏళ్లయింది, మెయిల్‌లో వచ్చే అటాచ్‌మెంట్లన్నీ తెరిచేది దానితోనే. పైగా కొత్త వెర్షన్ ముట్టుకున్న ప్రొఫైల్‌ని పాతది తెరవనివ్వదు.

పలాస ఆఫీసు

లాగ్‌లో 70 వచ్చిందండి. ఓపెన్ఎస్ఎస్ఎల్ 1.0.0 అనే చూపించింది. వేరే ప్రొఫైల్ చేసి 1 పెట్టాం, ప్రస్తుతానికి రెండు మెషీన్లూ నడుస్తున్నాయి.

సెంటోస్‌ని పైకి ఎక్కించాలంటే భయంగా ఉంది. స్టాకు లెక్కల ప్రోగ్రాం ఒకటి అదే సర్వర్‌లో ఉంది, చేసినవాళ్లు ఇప్పుడు అందుబాటులో లేరు. సర్వర్‌ని ముట్టుకోకుండా దారి ఉందా?

వంశధార

ముందు ముట్టుకునే దారి కూడా చెబుతాను, తెలిసి ఉండాలి. సెంటోస్ 6.5 నుంచి ఓపెన్ఎస్ఎస్ఎల్ 1.0.1ఇ వచ్చింది, దానితో 1.2 వస్తుంది. వెళ్తే మాత్రం నేరుగా 6.10కి వెళ్లాలి. 6.5తో మొదట వచ్చిన 1.0.1ఇ ప్యాకేజీలో సర్వర్ మెమరీలోని రహస్యాలు బయటికి కారిపోయే, 2014లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం ఉంది. సగంలో ఆగితే ఇప్పుడున్న దానికన్నా అధ్వానం. 6.10కి కూడా 2020 నవంబర్‌తో సపోర్ట్ ముగిసింది.

మీ పరిస్థితిలో నేనైతే సర్వర్ ముందు ఇంకో చిన్న మెషీన్ పెడతాను. 1 జీబీ ర్యామ్ చాలు, రెండు నెట్‌వర్క్ కార్డులు కావాలి. డెబియన్ 12 వేసి స్టన్నెల్ పెట్టండి. థండర్‌బర్డ్ కొత్త టీఎల్ఎస్‌తో స్టన్నెల్‌కి మాట్లాడుతుంది, స్టన్నెల్ ఆ పొర విప్పి పాత సర్వర్‌కి మామూలుగా అందిస్తుంది. విప్పిన తర్వాత పాస్‌వర్డులు తెరిచే వెళ్తాయి కాబట్టి ఈ రెండు మెషీన్ల మధ్య నేరుగా ఒక కేబుల్ లాగండి, స్విచ్ గుండా పోనివ్వొద్దు. ఆ కేబుల్‌కి 10.10.10.1 స్టన్నెల్, 10.10.10.2 సర్వర్ అనుకుందాం.

మెయిల్ రావడానికి: స్టన్నెల్‌లో యాక్సెప్ట్ 993, కనెక్ట్ 10.10.10.2 పోర్ట్ 143. కనెక్ట్ దగ్గర పేరు కాకుండా అంకెలే రాయండి. కరెంటు పోయి వచ్చినప్పుడు డీఎన్ఎస్ (పేరుకి అడ్రస్ చెప్పేది) కన్నా ముందు స్టన్నెల్ లేస్తే పేరు దొరక్క ఇబ్బంది పెడుతుంది. తర్వాత డవ్‌కాట్‌లో లాగిన్ ట్రస్టెడ్ నెట్‌వర్క్స్‌లో 10.10.10.1 చేర్చండి. లేకపోతే మామూలు పాస్‌వర్డ్ ఒప్పుకోనని తిప్పి పంపుతుంది.

మెయిల్ పంపడం దగ్గరే అసలు ప్రమాదం. మెయిల్ పంపే పోర్ట్ 465ని తీసుకెళ్లి పోస్ట్‌ఫిక్స్ పోర్ట్ 25కి కలపొద్దు. పోస్ట్‌ఫిక్స్ 2.6లో మైనెట్‌వర్క్స్‌లో (పాస్‌వర్డ్ లేకుండా పంపనిచ్చే అడ్రస్‌ల జాబితాలో) ఏమీ రాయకపోతే తన కార్డులున్న సబ్‌నెట్లన్నీ సొంతవాళ్లే అనుకుంటుంది. కొత్త కేబుల్ పెట్టగానే 10.10.10.1 కూడా సొంతమైపోతుంది. స్టన్నెల్ గుండా వచ్చిన ప్రతివాడూ దానికి 10.10.10.1 లాగే కనిపిస్తాడు. అంటే పాస్‌వర్డ్ లేకుండా ఎవడైనా మీ సర్వర్ నుంచి స్పామ్ పంపొచ్చు. అందుకని 465ని కలపడానికి పోస్ట్‌ఫిక్స్ మాస్టర్ ఫైల్‌లో 10587 అని వేరే పోర్ట్ తెరిచి, దానికి మాత్రం సాసల్ (పాస్‌వర్డ్ అడిగే పద్ధతి) ఆథ్ ఎస్, టీఎల్ఎస్ ఆథ్ ఓన్లీ నో, రిసిపియంట్ రిస్ట్రిక్షన్స్‌లో "పర్మిట్ సాసల్ ఆథెంటికేటెడ్, రిజెక్ట్" అని రెండే మాటలు పెట్టండి. పర్మిట్ మైనెట్‌వర్క్స్ అక్కడ ఉండకూడదు. సర్వర్ ఫైర్‌వాల్ ఐపీటేబుల్స్‌లో 10587కి 10.10.10.1 తప్ప ఎవరినీ రానివ్వొద్దు. పెట్టాక పాస్‌వర్డ్ లేకుండా బయటి అడ్రస్‌కి ఒక మెయిల్ పంపి చూడండి. తిరస్కరిస్తేనే 465 తెరవండి.

నాగావళి

వంశధార గారు చెప్పిందే సరైన దారి. రెండు మాటలు కలుపుతాను.

సర్వర్‌లో ఫెయిల్‌టుబ్యాన్ (పాస్‌వర్డ్ పదేపదే తప్పు కొట్టే అడ్రస్‌ని ఆపేసేది) ఉంటే 10.10.10.1ని మినహాయించండి. లేకపోతే ఒక్కరు పాస్‌వర్డ్ అయిదుసార్లు తప్పు కొట్టినా ఆఫీసు మొత్తానికి మెయిల్ ఆగుతుంది. వచ్చినవాళ్ల అసలు అడ్రస్‌ని వెనకున్న సర్వర్‌కి చెప్పే ప్రాక్సీ ప్రొటోకాల్ మీ డవ్‌కాట్ 2.0.9కి అర్థం కాదు, కాబట్టి ఎవరు తప్పు కొట్టారో స్టన్నెల్ లాగ్‌లోనే వెతకాలి.

థండర్‌బర్డ్‌లో సర్వర్ అడ్రస్ అంకెల్లో ఉంటే సర్టిఫికెట్ కుదరదు, పేరు పెట్టండి. ఆఫీసు రూటర్ డీఎన్ఎస్‌లో ఆ పేరు స్టన్నెల్ మెషీన్‌కి చూపించాలి. ఉచితంగా దొరికే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ అయితే 90 రోజులే ఉంటుంది. రెన్యూ అయ్యాక స్టన్నెల్‌ని రీలోడ్ చేసే హుక్ (దానంతటదే నడిచే చిన్న కమాండ్) పెట్టకపోతే కొత్త ఫైల్ డిస్కులో ఉంటుంది, పాతదే బయటికి వెళ్తుంటుంది. ఇవన్నీ అయ్యాక ఆ వేరే ప్రొఫైల్‌లో 1ని మళ్లీ 3 చేయడం మరవకండి.

పలాస ఆఫీసు

ఇంకొక్కటి అడుగుతాను. స్కాన్ చేసి మెయిల్ పంపే పాత జెరాక్స్ మెషీన్ ఉంది. అది 192.168.1.10కే పంపుతుంది, దానిలో టీఎల్ఎస్ 1.0 దాటి లేదు. అది ఆగిపోతుందా?

వంశధార

ఆగదు. దాన్ని అలాగే పాత అడ్రస్‌కి, పాత పోర్ట్‌కి వదిలేయండి. స్టన్నెల్ దాని దారిలో లేదు. రూటర్‌లో బయటి నుంచి 993 గానీ 465 గానీ 192.168.1.10కి ఫార్వర్డ్ చేసి ఉంటే మాత్రం తీసి స్టన్నెల్ మెషీన్‌కి మార్చండి. రేపు సర్వర్ మార్చి కొత్తది తెచ్చినప్పుడు జెరాక్స్ మెషీన్ దానితో మాట్లాడలేదు. అప్పుడు ఆ ఒక్క మెషీన్ ఐపీకి మాత్రమే, మీ సొంత డొమైన్ అడ్రస్‌లకి మాత్రమే ఒప్పుకునేలా టీఎల్ఎస్ లేని పోర్ట్ ఒకటి వేరుగా తెరవాలి. దానికోసం కొత్త సర్వర్ మొత్తానికి 1.0 తెరవొద్దు.