నల్లతుమ్మ ఇక అకేషియా కాదా? ఆ పేరు మార్చడం న్యాయమేనా?

తుమ్మనీడ:
ఇరవై ఏళ్లుగా డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతున్నాను. నల్లతుమ్మ అంటే అకేషియా నిలోటికా అని చదువుకున్నాను, అదే చెప్పాను. ఇప్పుడు వాచెలియా నిలోటికా అని రాయాలి. అకేషియాలోనే ఉండే సండ్ర, శీకాయ సెనెగాలియా అనే మరో గుంపులోకి వెళ్లాయి. అకేషియా పేరు మాత్రం ఆస్ట్రేలియా చెట్లకు దక్కింది.

మొక్కలకు రెండు మాటల పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరచిన లినేయస్ 1753లో నల్లతుమ్మను మైమోసా నిలోటికా అన్నాడు. మరుసటి ఏడాది ఫిలిప్ మిల్లర్ అకేషియా ప్రజాతిని, అంటే దగ్గరి జాతుల గుంపును, ఏర్పరచాడు. ప్రజాతిని విడదీస్తే, దానికి నమూనాగా నిలిచిన జాతి ఏ భాగంలో ఉంటే పాత పేరు ఆ భాగానికే చెందాలన్నది నియమం. ఆ నమూనా నల్లతుమ్మే! అకేషియా అన్న మాట ముల్లు అనే అర్థమున్న గ్రీకు పదం నుంచి వచ్చిందంటారు. ముళ్ల చెట్టు పేరు పోగొట్టుకుంది, చాలావరకు ముళ్లే లేని ఆస్ట్రేలియా చెట్లు దాన్ని ఉంచుకున్నాయి. ఇంటి పెద్దను పంపేసి ఇంటిపేరు దాయాదులకు రాసిచ్చినట్టు ఉంది నాకు.

ఎండుటాకు:
మాస్టారూ, విడదీయడం తప్పదు కదా. డీఎన్ఏ పరిశీలించాక, పాత అకేషియాలోని చెట్లన్నీ ఒకే మూలం నుంచి వచ్చినవి కావని తేలింది. వేరు వేరు వంశాలను ఒకే పేరు కింద ఉంచితే వర్గీకరణకు అర్థం ఉండదు. ఇక పేరు ఎవరికన్నది. ఆస్ట్రేలియా వంశంలో సుమారు వెయ్యి జాతులున్నాయి, వాచెలియాలో నూట అరవై దాకా. నియమాన్ని అక్షరాలా పాటిస్తే ఆ వెయ్యింటి పేర్లూ మార్చాలి. ఇలాంటి చోట నమూనా జాతిని మార్చే వెసులుబాటు కూడా నామకరణ నియమావళిలోనే ఉంది.

తుమ్మనీడ:
విడదీయడంతో నాకు పేచీ లేదు. నిర్ణయం జరిగిన తీరుతోనే. 2005లో వియన్నా వృక్షశాస్త్ర మహాసభలో అకేషియా పేరు ఆస్ట్రేలియా చెట్లకే ఉండాలన్న కమిటీ సిఫారసుకు వ్యతిరేకంగా 54.9 శాతం ఓట్లు పడ్డాయి. తిరస్కరించడానికి 60 శాతం కావాలన్నారు, సిఫారసు నిలిచిపోయింది. సగం మందికి పైగా వద్దన్న మార్పు అది. 2011లో మెల్‌బోర్న్‌లో దాన్నే ఖాయం చేశారు. ఆఫ్రికాలో, మన దేశంలో ఈ చెట్ల మధ్య బతికేవాళ్లు ఆ సభలకు ఎందరు వెళ్లగలరు?

చెరువుకట్ట:
నేను శాస్త్రం చదివినవాణ్ణి కాను. మా ఊరి చెరువు కింద నల్లతుమ్మలే ఎక్కువ. బండి చక్రాలకు ఆ కర్రే వాడేవారు, కాయలు మేకలకు, పుల్లలు పళ్లు తోముకోవడానికి. మేం ఏ పేరూ మార్చలేదు. అయితే మా పేర్లూ పొరపాటు పడతాయి. సర్కారు తుమ్మను తుమ్మ అంటున్నాం, అది తుమ్మే కాదట, జమ్మికి దగ్గరిదట. నిజమేనా?

ఎండుటాకు:
నిజమే. ఇన్నాళ్లూ జమ్మి, సర్కారు తుమ్మ రెండూ ప్రోసోపిస్‌లో ఉండేవి. 2022లో ఆ ప్రజాతినీ విడదీశారు. సర్కారు తుమ్మ నెల్టుమా జూలిఫ్లోరా అయింది, జమ్మి ప్రోసోపిస్‌లోనే ఉండిపోయింది. ఈసారి పాత పేరు మన చెట్టుకే మిగిలింది.

మాస్టారికి ఇంకో రెండు విషయాలు. వియన్నాలో మీరు కోరినట్టే జరిగి ఉన్నా సండ్ర, శీకాయలకు అకేషియా పేరు దక్కేది కాదు. అవి వేరే వంశం. గొడవంతా నల్లతుమ్మ, తెల్లతుమ్మ, కస్తూరి తుమ్మల వంశం గురించే. రెండోది, వాచెలియా అన్న పేరు మనకు అంత పరాయిది కాదు. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా పనిచేసిన రాబర్ట్ వైట్, ఆర్నాట్ అనే మరో వృక్షశాస్త్రజ్ఞుడితో కలిసి దక్షిణ భారత మొక్కల మీద రాసిన గ్రంథంలో 1834లో కస్తూరి తుమ్మ కోసం పెట్టిన పేరు అది.

తుమ్మనీడ:
సండ్ర సంగతి ఒప్పుకుంటున్నాను, ఆ కోణంలో ఆలోచించలేదు. వైట్ గురించి తెలుసు గానీ ఈ పేరు ఆయన పెట్టిందేనని గుర్తురాలేదు. అయినా ఓటు విషయంలో నా మాట మార్చుకోను. రేపు తరగతిలో వాచెలియా అనే రాస్తాను, పక్కన పాత పేరూ, కింద నల్లతుమ్మ అనీ. ఆ 54.9 శాతం సంగతి కూడా పిల్లలకు చెబుతాను.

చెరువుకట్ట:
నర్సరీల్లో, పార్కుల్లో చెట్లకు తగిలించే రేకుల మీద కూడా అలాగే మూడు పేర్లూ రాయించండి మాస్టారూ. మా ఊరి బడిలో ఉన్న చెట్టుకు నేనే రాస్తాను. వాచెలియాలో 'చె'కు దీర్ఘం ఉందా?

ఎండుటాకు:
లేదండి, హ్రస్వమే.