మిక్స్చర్ స్క్రూ ఎటు తిప్పినా ఐడ్లింగ్‌లో మార్పు రావడం లేదు

ప్రశ్న:
నా దగ్గర కార్బ్యురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే భాగం) ఉన్న పాత పెట్రోలు కారు ఉంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చోక్ (గాలిని తగ్గించి పెట్రోలు పాలు పెంచే మూత) లాగితే వెంటనే అందుకుంటుంది గానీ, వేడెక్కాక ఎక్కడైనా ఆపితే వణికి ఆగిపోయేది. ఆగకుండా ఉండాలని ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ నడిచే తీరు) స్పీడ్ స్క్రూను కొద్దికొద్దిగా బిగిస్తూ వచ్చాను. ఇప్పుడు ఆగడం లేదు గానీ, సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోలు వాసన వస్తోంది, ప్లగ్గుల కొనల మీద నల్లటి మసి పొడిపొడిగా పేరుకుంటోంది. గాలి, పెట్రోలు పాళ్లను సర్దే మిక్స్చర్ స్క్రూ మాత్రం ఎటు తిప్పినా ఇంజిన్ శబ్దం మారడం లేదు. కార్బ్యురేటర్ మార్చవలసిందేనా?

జవాబు 1:
తొందరపడి మార్చకండి. మిక్స్చర్ స్క్రూ అన్నిటికంటే చివర ముట్టుకోవలసినది. ముందు ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గుల గ్యాప్, ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గులో నిప్పురవ్వ వచ్చే సమయం) సరిచూసి, కార్బ్యురేటర్ అడుగు గ్యాస్కెట్ దగ్గర గానీ వ్యాక్యూమ్ గొట్టాల దగ్గర గానీ గాలి లీకవుతోందేమో చూడండి. తరువాత ఇంజిన్ బాగా వేడెక్కి, చోక్ పూర్తిగా తెరుచుకున్నాక మిక్స్చర్ స్క్రూను పావు చుట్టు చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ ఇంజిన్ కుదురుకునే దాకా ఆగి వినాలి. ఒకవైపు తిప్పితే తడబడుతుంది, రెండోవైపు తిప్పితే బరువుగా కొట్టుకుంటుంది. ఆ రెండింటి మధ్య వేగం ఎక్కువగా, నిలకడగా ఉండే చోటే మీకు కావలసినది. ఇంజిన్ గాలిని పీల్చే బలాన్ని కొలిచే వ్యాక్యూమ్ గేజ్ ఉంటే ముల్లు అక్కడే అన్నిటికంటే పైకి చేరుతుంది. ఈ పని ఆరుబయటే చేయండి, పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

జవాబు 2:
పై క్రమం సరైనదే. అయితే అసలు చిక్కు మీరు బిగించిన స్పీడ్ స్క్రూలోనే ఉందని నా అభిప్రాయం. గాలి దారిలో ఉండి, స్పీడ్ స్క్రూ బిగిస్తే తెరుచుకునే త్రాటిల్ రేకు దాదాపు మూసుకుని ఉన్నప్పుడే ఇంజిన్ మిక్స్చర్ స్క్రూ కొన దగ్గరి చిన్న రంధ్రం నుంచి పెట్రోలు పీల్చుకుంటుంది. రేకు మరికాస్త తెరుచుకుంటే దాని అంచు పైనున్న సన్నని చీలిక బయటపడి, పెట్రోలు అందులోంచి ధారాళంగా వస్తుంది కాబట్టి స్క్రూకు అదుపు ఉండదు. చోక్ లాగినప్పుడు బాగా నడిచి, వేడెక్కాక ఆగిపోయిందంటే ఆ కింది రంధ్రం మొదటి నుంచీ మూసుకుపోయి ఉండవచ్చు. స్పీడ్ స్క్రూను వెనక్కి తీసి, మిక్స్చర్ స్క్రూను పూర్తిగా విప్పి, ఆ దారిలో కార్బ్ క్లీనర్ కొట్టి గాలి ఊదండి. స్క్రూ కొనను వెలుతురులో తిప్పి చూడండి. గట్టిగా బిగించిన స్క్రూ అయితే మొనమీద ఉంగరంలా గీత పడి ఉంటుంది, అలాంటిది ఇక సరిగ్గా పనిచేయదు. తిరిగి పెట్టేటప్పుడు వేళ్లతోనే ఆనించి, ఒకటిన్నర చుట్లు వెనక్కి తీసి మొదలుపెట్టండి. కొన్ని కార్బ్యురేటర్లలో ఈ స్క్రూ పెట్రోలును కాక గాలిని అదుపు చేస్తుంది. వాటిలో లోపలికి తిప్పితే మిశ్రమం చిక్కబడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
మీరు చెప్పినట్లే ఉంది. మొనమీద గోరుకు తగిలేంత గీత పడింది, రంధ్రంలో గోధుమరంగు జిగురు గడ్డకట్టింది. శుభ్రం చేసి కొత్త స్క్రూ వేశాక పావు చుట్టుకే తేడా స్పష్టంగా వినిపించింది. స్పీడ్ స్క్రూను సుమారు 800 ఆర్‌పీఎం దగ్గర నిలిపాను. ఇద్దరికీ కృతజ్ఞతలు.

జవాబు 2:
చాలా సంతోషం. ఎయిర్ ఫిల్టరు తీసి సర్దుబాటు చేసి ఉంటే, దాన్ని బిగించాక మరోసారి సరిచూడండి; గాలి వచ్చే తీరు మారితే మిశ్రమమూ కొంత మారుతుంది.