తేడాలు దాచుకుంటేనే గౌరవమా? క్రైస్తవులూ ముస్లింలూ చెప్పండి

వేకువ (చర్చ మొదలుపెట్టినవారు)

ఇక్కడ క్రైస్తవులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు కాబట్టి సూటిగానే అడుగుతున్నా. మన రెండు మతాల మధ్య సామరస్యం గురించి ఎవరు మాట్లాడినా చివరికి “అందరం ఒకటే, దారులే వేరు” అనే మాట దగ్గరికే వచ్చి ఆగుతారు. నేను క్రైస్తవురాలిని. ఆ మాట వింటే నాకు ఊరట కలగదు, ఇబ్బందిగా ఉంటుంది. యేసు సిలువ మీద చనిపోయాడు, మూడో రోజున లేచాడు అన్నది తీసేస్తే నా విశ్వాసంలో ఇంకేం మిగలదు. ఖుర్ఆన్ నాలుగో సూరా (అధ్యాయం) 157వ ఆయత్ (వాక్యం) ఏమో వాళ్లు ఆయన్ని చంపలేదు, సిలువ వేయలేదు అంటుంది. ఈ రెండూ ఒకటే అనేవాళ్లు ఈ రెండిట్లో ఏ ఒక్కటీ మనసు పెట్టి విననట్టే లెక్క.

నా వాదన ఏంటంటే, ఉన్న తేడా ఉన్నట్టు చెప్పుకుని కూడా గౌరవించుకోవచ్చు, అసలు అలా చెప్పుకున్నచోటే గౌరవం నిలబడుతుంది. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

నడిచేదారి

కాదంటున్నా వేకువ గారూ. మీరు చెప్పింది చదువుకున్నవాళ్లు బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకునేటప్పుడు పనికొస్తుంది. మామూలు మనుషుల మధ్య త్రిత్వం (ఒక్క దేవుడే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనే క్రైస్తవ నమ్మకం), సిలువ, చివరి ప్రవక్త అని మొదలుపెడితే పది నిమిషాల్లో గొంతులు లేస్తాయి, ఆ తర్వాత పలకరింపులు కూడా ఆగిపోతాయి. ముందు కలిసేచోటు చూపించాలి. ఖుర్ఆన్‌లో పేరు పెట్టి ప్రస్తావించిన స్త్రీ మర్యమ్ (యేసు తల్లి మరియ) ఒక్కరే, 19వ సూరా ఆమె పేరు మీదే ఉంది. ఈ సంగతి తెలియని క్రైస్తవులు ఎంతమందో! లెబనాన్‌లో 2010 నుంచి మార్చి 25ని, అంటే మరియకు దేవదూత శుభవార్త చెప్పిన పండుగని, రెండు మతాలవాళ్లకీ కలిపి జాతీయ సెలవు చేశారు. 2007లో 138 మంది ముస్లిం పండితులు క్రైస్తవ మతాధిపతులందరికీ ఒక ఉత్తరం రాశారు. అందులో ఎత్తుకున్న అంశాలు రెండే, దేవుణ్ణి ప్రేమించడం, పొరుగువాణ్ణి ప్రేమించడం. సిలువ ఊసెత్తి గొడవ పడలేదు వాళ్లు.

వేకువ

ఆ ఉత్తరం నాకూ ఇష్టమే, కానీ అది ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా చెప్పండి. 2006 సెప్టెంబరులో పోప్ బెనెడిక్ట్ 16 జర్మనీలోని రేగెన్స్‌బర్గ్‌లో చేసిన ప్రసంగంలో ఒక బైజాంటైన్ చక్రవర్తి మాటలు ఉదహరించారు, ప్రవక్త కొత్తగా తెచ్చినవన్నీ చెడ్డవే అన్న అర్థం వచ్చే మాటలు. ముస్లింలు చాలా బాధపడ్డారు, కొన్ని చోట్ల హింస కూడా జరిగింది. అక్టోబరులో 38 మంది పండితులు ఆయనకి బహిరంగ లేఖ రాశారు, మర్యాదగానే, కానీ ఒక్కో తప్పూ వేలు పెట్టి చూపిస్తూ. ఉదాహరణకి, “మతంలో బలవంతం లేదు” అన్న ఆయత్ ప్రవక్తకి ఇంకా బలం లేని తొలి రోజుల నాటిదని పోప్ అంటే, కాదు, అది ముస్లింలు మదీనాలో బలపడుతున్న కాలం నాటిది అని సరిచేశారు. మీరు చెప్పిన ఉత్తరం దాని తర్వాత సరిగ్గా ఏడాదికి వచ్చింది. ముందు “మా గురించి మీరు చెప్పింది ఇక్కడ తప్పు” అన్నారు, ఆ తర్వాతే “మనం కలిసేది ఇక్కడ” అన్నారు. నేననే వరస అదే.

ముసాఫిర్

ముస్లింని, కొన్నాళ్లుగా చదివి ఊరుకుంటున్నా, ఈ చర్చలో మాత్రం ఊరుకోలేకపోతున్నా.

మీరు యేసు దేవుడు అంటే నాకు బాధ లేదండీ. అది మీ విశ్వాసం, నేను కాదంటాను, నేను కాదంటానని మీకూ తెలుసు. బాధ ఎక్కడంటే, మేం ముహమ్మద్ ప్రవక్తని పూజిస్తామని చెప్పినప్పుడు. మా అల్లాహ్ ఒక చంద్ర దేవత అని వీడియోలు చేసి తిప్పినప్పుడు. సూర్యుడికీ చంద్రుడికీ సజ్దా (సాష్టాంగం) చేయకండి, వాటిని సృష్టించినవాడికి చేయండి అని 41వ సూరాలో స్పష్టంగా ఉంది, ఒక్కసారి తెరిచి చూసినా ఆ మాట అనలేరు. “మీకు యేసు అంటే గిట్టదు కదా” అని నన్ను మొహం మీదే అడిగినవాళ్లున్నారు. ఈసా (మేం యేసుని పిలిచే పేరు) అలైహిస్సలాం కన్యకు పుట్టారనీ, ఆయనే మసీహా అనీ, దేవుని అనుమతితో చచ్చినవాళ్లని లేపారనీ నమ్మకపోతే నేను ముస్లింనే కాను, ఆ సంగతి వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

మావాళ్లు చేసేదీ చెప్తాను. త్రిత్వం అంటే దేవుడు, మరియ, యేసు అని నాకు తెలిసినవాళ్లలో సగానికి సగం మంది అనుకుంటారు. ఐదో సూరాలో “నన్నూ నా తల్లినీ దేవుళ్లుగా చేసుకోండని నువ్వు చెప్పావా” అని అల్లాహ్ ఈసాని అడిగే ఆయత్ ఉంది కాబట్టి, క్రైస్తవులందరూ చెప్పే త్రిత్వం అదేనని తేల్చేసుకుంటారు. ఒక్క క్రైస్తవుణ్ణి కూర్చోబెట్టి అడిగిన పాపాన పోరు.

కాబట్టి నా కొలత ఇది. నా నమ్మకం గురించి నువ్వు చెప్తుంటే విని నేను “అవును, ఇదే” అనగలగాలి. అక్కడిదాకా వచ్చాక ఎంత గట్టిగా కాదన్నా నాకు అభ్యంతరం లేదు. “నీ పొరుగువానిమీద అబద్ధ సాక్ష్యము పలుకకూడదు” అని మీ గ్రంథంలో ఉంది, గ్రంథవహులతో (యూదులు, క్రైస్తవులతో) ఉత్తమమైన రీతిలో తప్ప వాదించకండి అని మా గ్రంథంలో (29:46) ఉంది. ఇంకేం కావాలి?

ఉప్పెన

చాలా కావాలి. పాకిస్తాన్‌లోని క్రైస్తవురాలు ఆసియా బీబీ సంగతేంటి? పొలం పనిలో తోటి ఆడవాళ్లతో మంచినీళ్ల దగ్గర మాటా మాటా పెరిగితే దైవదూషణ కేసు పెట్టారు, 2010లో మరణశిక్ష వేశారు, సుప్రీంకోర్టు విడిచిపెట్టేసరికి 2018 అయింది. 2015లో లిబియా సముద్ర తీరంలో 21 మంది క్రైస్తవుల్ని, ఎక్కువమంది ఈజిప్టు కూలీలు, వరసగా మోకాళ్ల మీద కూర్చోబెట్టి గొంతులు కోశారు. ఇంత జరుగుతుంటే త్రిత్వం నిర్వచనం సరిగ్గా చెప్పారా లేదా అని కొలతలేంటి? ఎవరి చేతిలో అధికారం ఉంది, వాళ్లు దాంతో ఏం చేస్తున్నారు అన్నదే అసలు ప్రశ్న.

ముసాఫిర్

ఉప్పెన గారూ, బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో 1995 జులైలో ఎనిమిది వేల మందికి పైగా ముస్లిం మగవాళ్లనీ పిల్లల్నీ చంపారు, న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో 2019లో జుమా నమాజుకి వచ్చినవాళ్ల మీద కాల్పులు జరిపితే 51 మంది పోయారు. ఇవి మీకు జవాబుగా చెప్పడం లేదు. శవాల లెక్క పెట్టుకుంటూ కూర్చుంటే అది ఎక్కడా తెగదు, చచ్చినవాళ్లకీ దానివల్ల ఒరిగేదేమీ లేదు.

మీ ప్రశ్న సరైనదే. దానికి నా జవాబు, మన మతంవాళ్లు ఎక్కువమంది ఉన్నచోట తక్కువమంది ఉన్నవాళ్ల కోసం మనమే నోరు తెరవాలి. “అది అసలు ఇస్లాం కాదు” అనేసి చేతులు దులుపుకోవడం నాకు నచ్చదు, మావాళ్లు అలా అంటే నేను గొడవ పెట్టుకుంటా. ఆసియా బీబీ కోసం మాట్లాడినందుకు 2011 జనవరిలో పాకిస్తాన్‌లోని పంజాబ్ గవర్నర్ సల్మాన్ తాసీర్‌ని ఆయన అంగరక్షకుడే కాల్చి చంపాడు. తాసీర్ ముస్లిం. రెండు నెలలకి క్రైస్తవ మంత్రి షాబాజ్ భట్టీనీ చంపేశారు. చివరికి ఆమెని నిర్దోషి అన్నదీ ముస్లిం న్యాయమూర్తులే. ఆ ఎనిమిదేళ్లు ఆమెకి ఎవరూ తిరిగివ్వలేరు, అది ఒప్పుకునే చెప్తున్నా.

పాత పేజీ

చరిత్ర చదివే అలవాటుతో రెండు సంగతులు చెప్తా, వేకువ గారి మాటకి బలం ఇస్తాయి.

సుమారు 615లో మక్కాలో వేధింపులు తట్టుకోలేక తొలి ముస్లింలు కొందరు సముద్రం దాటి అబిసీనియా (ఇప్పటి ఇథియోపియా ప్రాంతం) వెళ్లారు. అక్కడి రాజు నజాషీ క్రైస్తవుడు. వాళ్లని వెనక్కి పట్టుకెళ్లడానికి మక్కాను ఏలే ఖురైష్ తెగవాళ్లు కానుకలతో మనుషుల్ని పంపారు. ముస్లిం సంప్రదాయ గ్రంథాల ప్రకారం మొదటి రోజు జాఫర్ ఇబ్న్ అబీ తాలిబ్ మర్యమ్ సూరా చదివితే రాజుకీ మతగురువులకీ కన్నీళ్లొచ్చాయి. చాలామంది కథ ఇక్కడితో ఆపేస్తారు, అసలుది రెండో రోజు జరిగింది. ఖురైషుల మనిషి మళ్లీ వచ్చి, వీళ్లు యేసు గురించి ఏమంటారో అడగండి రాజా అన్నాడు. శరణార్థులకి అది ప్రాణాల మీదికొచ్చే ప్రశ్న, రాత్రంతా ఏం చెప్పాలా అని మాట్లాడుకున్నారట. తెల్లారి జాఫర్ ఏదీ దాచలేదు. ఈసా దేవుని దాసుడు, ఆయన ప్రవక్త, ఆయన ఆత్మ, కన్య మర్యమ్‌లో వేసిన ఆయన వాక్కు అన్నాడు. దేవుని కుమారుడు అనలేదు. రాజు నేల మీది పుల్ల తీసి, నువ్వు చెప్పినదానికీ యేసుకీ ఈ పుల్లంత తేడా కూడా లేదన్నాడు, పక్కనున్న సేనానులు గుర్రుమన్నా శరణు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

రెండోది బాగ్దాద్‌లో. 780ల మొదట్లో ఖలీఫా అల్ మహ్దీ ముందు తూర్పు చర్చి అధిపతి తిమోతి రెండు రోజులు వాదించాడు. ముహమ్మద్ గురించి ఏమంటావని ఖలీఫానే అడిగాడు. ఆయన ప్రవక్తల దారిలో నడిచాడు అన్నాడు తిమోతి, జనాన్ని విగ్రహాల నుంచి ఒక్క దేవుడి వైపు మళ్లించాడు అన్నాడు. అలా అని ముస్లిం కాలేదు, త్రిత్వాన్నీ వదులుకోలేదు.

నడిచేదారి

దర్బారు సంగతులు బాగున్నాయి, మరి బస్సులో వెళ్లేవాళ్ల సంగతి? 2015 డిసెంబరులో కెన్యాలోని మందేరా దగ్గర అల్ షబాబ్ అనే ఇస్లామిస్టు మిలిటెంట్ ముఠావాళ్లు బస్సు ఆపి ముస్లింలు ఒకపక్క, క్రైస్తవులు ఒకపక్క నిలబడమన్నారు. అంతకు ముందు ఏడాది అదే ప్రాంతంలో అలాగే విడదీసి ముస్లింలు కానివాళ్లని చంపారు కాబట్టి అందరికీ విషయం అర్థమైంది. ముస్లిం ఆడవాళ్లు తమ దగ్గరున్న తలగుడ్డలు గబగబా క్రైస్తవ స్త్రీలకి ఇచ్చి కప్పుకోమన్నారు. చంపితే అందరినీ కలిపి చంపండి, లేదా వదిలేయండి అన్నారు. అప్పుడు గాయపడ్డ సలాహ్ ఫారా అనే ముస్లిం ఉపాధ్యాయుడు నెల తిరగకముందే చనిపోయాడు. ఆ బస్సులో ఎవరూ ఎవరి సిద్ధాంతమూ అడగలేదు. ఒకరి గురించి ఒకరికి సరిగ్గా తెలుసో లేదో కూడా మనకి తెలియదు. నాకు దీనికన్నా పెద్ద గౌరవం కనపడటం లేదు.

వేకువ

నాకూ కనపడటం లేదండీ. కానీ ఒకటి చూడండి, ఆ ఆడవాళ్లు “అందరం ఒకటే” అనుకుని తలగుడ్డ ఇవ్వలేదు. ఈమె క్రైస్తవురాలు, నాలా కాదు, అందుకే ఈమె ప్రాణం మీదికొచ్చింది అని తెలిసి ఇచ్చారు. మీ ఉదాహరణ నా వైపే ఉందని నా అభిప్రాయం.

ఉప్పెన

సరే, ఒక్క ప్రశ్నకి ఇద్దరూ తప్పించుకోకుండా చెప్పండి. క్రైస్తవులు సువార్త చెప్తారు, ముస్లింలు దావా చేస్తారు, అంటే ఇస్లాంలోకి పిలుస్తారు. ఇటునుంచి అటు వస్తే సంబరం, అటునుంచి ఇటు పోతే ఇంట్లోంచి గెంటేయడం. దీని మాటేంటి?

ముసాఫిర్

తప్పించుకోను. “మతంలో బలవంతం లేదు” అని బయటివాళ్లకి వినిపించే ఆయత్‌ని మా ఇంటి గడప లోపల కూడా వినాలి. మతం వదిలినవాడికి శిక్ష పడాలన్న వాదన పాత ఫిఖ్ (ఇస్లామీ ధర్మశాస్త్ర) గ్రంథాల్లో ఉంది, కొన్ని దేశాల చట్టాల్లో ఇప్పటికీ ఉంది, నేను దానికి వ్యతిరేకిని, ఇలా అనే ముస్లిం పండితులూ ఉన్నారు. మనసులో లేని నమాజు చేయించి ఎవరిని మెప్పిస్తాం?

వేకువ

మా వైపు నుంచి, జబ్బుతోనో అప్పుతోనో నలిగిపోతున్న మనిషి దగ్గరికి సాయంతోపాటు బాప్తిస్మం కాగితం పట్టుకెళ్లడం తప్పు. సువార్త చెప్పడం మానను, అది నాకు ఆజ్ఞ. కానీ అడిగినవాళ్లకి “సాత్వికముతోను భయముతోను” జవాబు చెప్పమనే పేతురు రాశాడు. క్రైస్తవ కుటుంబంలో ఎవరైనా కలిమా చదివి ముస్లిం అయితే ఆ తల్లిదండ్రులు తలుపు వేసేయడం కూడా నేను చూశాను, అదీ అంతే తప్పు.

ముసాఫిర్

అయితే ఇక్కడే నా కొలత పెట్టి చూద్దాం. త్రిత్వం అంటే మీరేమనుకుంటారో చెప్పండి, నేను తిరిగి చెప్తాను.

వేకువ

దేవుడు ఒక్కడే, ముగ్గురు దేవుళ్లు లేరు. ఆ ఒక్క దేవుడే తండ్రిగా, కుమారుడిగా, పరిశుద్ధాత్మగా అనాది నుంచీ ఉన్నాడు. ఒకరి తర్వాత ఒకరు వేసిన వేషాలు కావు, ఒకే సమయంలో ముగ్గురు, స్వభావం ఒక్కటే. కుమారుడు అంటే శరీర సంబంధంతో పుట్టినవాడని కాదు, ఆయన లేని కాలమే లేదు. మరియ దైవం కాదు, మనలాంటి మనిషి.

ముసాఫిర్

అంటే మీ లెక్కలో దేవుడికి భార్యా లేదు, దేవుళ్లు ముగ్గురూ కాదు. ఒకే దైవత్వం, అందులో ఒకరితో ఒకరు సంబంధం ఉన్న ముగ్గురు, ఎవరూ సృష్టించబడినవాళ్లు కాదు. నా తౌహీద్‌కి (దేవుడు ఒక్కడే అన్న నమ్మకానికి) ఇది పొసగదు, దేవుడిలో ఏ రకమైన ముగ్గురినీ నేను ఒప్పుకోలేను. కానీ మీరు చెప్పేది ఇదేనా?

వేకువ

ఇదే. ఇప్పుడు నా వంతు. ఆ 157వ ఆయత్‌లో సిలువ వేయలేదు, వాళ్లకి అలా కనిపించేలా చేయబడింది అని ఉంది కదా, ఆ రోజు అక్కడ ఏం జరిగిందని ముస్లింలు అనుకుంటారు? వ్యాఖ్యానాల్లో వేరే వేరే అభిప్రాయాలుంటే అవి కూడా చెప్పండి, తొందరేం లేదు, వివరంగా రాయండి.