‘తెనేర్’ క్రియ: పట్టిక బట్టీ పట్టాలా, వాక్యాలతో నేర్చుకోవాలా?

తొలిమెట్టు:
స్పానిష్ మొదలుపెట్టి నెలన్నర అయింది. మన ‘నాకు ఉంది’కి వాళ్ళు వాడే ‘తెనేర్’ క్రియ దగ్గర చిక్కుకున్నాను. నాకు, నీకు, అతనికి/ఆమెకు, మాకు, మీకందరికీ, వాళ్ళకు అన్న వరుసలో తెంగో, తియెనెస్, తియెనె, తెనేమోస్, తెనేయిస్, తియెనెన్ అని గడగడా అప్పజెప్తాను. మాట్లాడేటప్పుడు మాత్రం మొదటి నుంచి మనసులో చదువుకుంటే తప్ప కావలసిన రూపం దొరకదు. టెన్షన్‌లో ‘తెనో’ అనేస్తున్నాను. బట్టీ పట్టడమే తప్పంటారా?

మాటలమూట:
తప్పేనండీ. పట్టిక పక్కన పెట్టండి. మన అసలు ఇబ్బంది వేరే చోట ఉంది. నాకు ఆకలిగా ఉంది, నీకు ఆకలిగా ఉంది, వాళ్ళకు ఆకలిగా ఉంది: మనిషి మారినా మనకు ‘ఉంది’ మారదు. స్పానిష్‌లో ఆ మనిషి క్రియలోనే ఉంటాడు. ‘తెంగో ఆంబ్రె’ అంటే చాలు, ‘నాకు’ అన్న మాట విడిగా అక్కర్లేదు. ‘వెళ్ళాలి’ కూడా అంతే. నేను వెళ్ళాలి, నువ్వు వెళ్ళాలి అంటాం మనం. వాళ్ళకు తెంగో కె ఇర్, తియెనెస్ కె ఇర్. పట్టిక ఎన్నిసార్లు చదివినా ఈ అలవాటు రాదు. ఆకలి, దాహం, చలి, వయసు, అన్నీ ‘తెంగో’తో మొదలుపెట్టి రోజూ పైకి అనండి.

వేరుచూపు:
నేను ఒప్పుకోను. ‘తెంగో’ వాక్యాలు యాభై నేర్చుకుని, ‘మాకు టైమ్ లేదు’ అనాల్సి వచ్చినప్పుడు నోరు పెగలని వాళ్ళలో నేనూ ఉన్నాను. నన్ను గట్టెక్కించింది పట్టికే. కాకపోతే దాన్ని చదవడం కాదు, చూడాలి. ఒత్తు, అంటే నొక్కి పలకడం, ‘తెన్’ మీద పడితే అది ‘తియెన్’ అవుతుంది: తియెనెస్, తియెనె, తియెనెన్. ఒత్తు చివరికి జరిగితే మారదు: తెనేమోస్, తెనేయిస్. అర్జెంటీనాలో ‘నువ్వు’కి ‘బోస్’ వాడతారు, దానికి ‘తెనేస్’ అంటారు. అక్కడా ఒత్తు చివరే, అందుకే ‘తియె’ రాలేదు! ఇది తెలిసిన రోజు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఇక దారి తప్పేది ఒక్క ‘తెంగో’నే. అందులోని ‘గ’ బెంగో (వస్తాను), పోంగో (పెడతాను), సాల్గో (బయటికి వెళ్తాను) రూపాల్లోనూ ఉంది. ఒకటి పట్టుకుంటే నాలుగు వస్తాయి.

ఇంకోటి, లాటిన్ అమెరికా స్పానిష్ నేర్చుకునేవాళ్ళు ‘తెనేయిస్’ని ప్రస్తుతానికి వదిలేయొచ్చు. అక్కడ ‘మీరంతా’ అనడానికీ ‘తియెనెన్’ చాలు.

మాటలమూట:
ఒత్తు సంగతి బాగుంది, నాకు తెలియదు. అయినా మాట్లాడేటప్పుడు ఒత్తులు లెక్కపెట్టుకునే తీరిక ఎవరికీ ఉండదు. తొలిమెట్టు గారూ, జంటలుగా సాధన చేయండి. మనల్ని అడిగేది ‘తియెనెస్’ అని, మనం చెప్పేది ‘తెంగో’ అని. తియెనెస్ ఫ్రియో? (నీకు చలిగా ఉందా?) సి, తెంగో ఫ్రియో. (అవును, నాకు చలిగా ఉంది.) ‘తియెనెన్’ అని అడిగితే ‘తెనేమోస్’. పట్టికలో వరుసగా ఉన్నవి సంభాషణలో ఎదురెదురుగా వస్తాయి.

తొలిమెట్టు:
ఇప్పుడే పది జంటలు పైకి అని చూశాను. ‘తియెనెన్’ వినగానే ఇంకా ‘తియెనెన్’ అనే వస్తోంది. రేపు అదొక్కటే చేస్తాను.